టాస్మానియన్ డెవిల్‌ని పెంచి కాపాడటం: ఎక్కడ తేడా కొడుతుంది, ఏం చేస్తారు

సమస్య: మొహం మీద, నోట్లో గడ్డలు, తిండి తినలేక కొన్ని నెలల్లో చావు

టాస్మానియన్ డెవిల్ అంటే ఆస్ట్రేలియాలోని టాస్మానియా దీవిలో ఉండే, పిల్లల్ని సంచిలో మోసే మాంసాహార జంతువు. దానికొచ్చే ఈ జబ్బుకి కారణం అంటుకునే కాన్సర్. అవును, కాన్సరే అంటుకుంటుంది. ఎప్పుడో ఒక ఆడ డెవిల్ నరాల చుట్టూ ఉండే కణంలో మొదలైంది, 1996లో టాస్మానియా ఈశాన్యాన మౌంట్ విలియం దగ్గర మొదటిసారి కంటబడింది, ఎదకొచ్చినప్పుడో కళేబరం దగ్గర కొట్లాటలోనో ఇవి మొహాలు కరుచుకుంటాయి కదా, ఆ కాటుతో కాన్సర్ కణాలే ప్రాణాలతో అవతలి దాంట్లోకి పోయి పెరుగుతాయి, పైగా తమ గుర్తింపు ప్రోటీన్లు దాచేస్తాయి కాబట్టి ఇమ్యూనిటీకి దొరకవు. 2014లో రెండో రకం కూడా బయటపడింది.

పరిష్కారం? నమ్మకమైన మందు లేదు. జబ్బువాటిని ఏరి చంపి చూశారు, టాస్మానియాలోని ఫారెస్టియర్ ద్వీపకల్పంలో 2004 నుంచి 2010 దాకా, లాభం లేక ఆపేశారు. ఇక మిగిలింది బాగున్నవాటిని వేరుగా పెంచడం, దీన్నే ఇన్సూరెన్స్ పాపులేషన్ అంటారు. దీంతో అడవిలో జబ్బు తగ్గుతుందనుకుంటే పొరపాటే, జాతి మొత్తం పోకుండా చూస్తుంది, అంతే.

సమస్య: చూడ్డానికి బాగానే ఉంది, కానీ లోపల జబ్బుందేమో

గడ్డ బయటపడటానికి నెలలు పడుతుంది, అదీ చిక్కు. అందుకే మొదట్లో జబ్బు ఇంకా చేరని పడమటి వైపు నుంచి, అదీ వయసులో చిన్నవాటిని పట్టుకొచ్చి చాన్నాళ్లు క్వారంటైన్‌లో పెట్టారు. ఇక్కడ తొందరపడితే మొత్తం పోతుంది.

సమస్య: జత కలిపారు, పిల్లల్లేవు

ఎక్కువ తలనొప్పి ఇక్కడే. ఇవి బతికేదే ఐదారేళ్లు, ఆడది ఆలస్యంగా మొదలుపెడితే ఛాన్స్ పడిపోతుంది, పైగా తరాలు గడిచేకొద్దీ జూలో పుట్టినవి సరిగ్గా ఈనవు. కాబట్టి వయసులో ఉండగానే జత కలపాలి, వీలైతే పెద్ద ఆవరణలో గుంపుగా వదలాలి, అప్పుడు ఆడది తనకి నచ్చినదాన్ని ఎంచుకుంటుంది, కాకపోతే తండ్రెవరో తెలీదు, డీఎన్ఏ టెస్ట్ చేస్తేగానీ స్టడ్‌బుక్‌లో, అంటే ఏది ఎవరి పిల్లో రాసిపెట్టే పుస్తకంలో, రాయలేరు, ఒకే మగది ఎక్కువమందికి తండ్రైపోతే బంధుత్వం పెరిగిపోయి ఇంకో సమస్య. ఇంకోటి, 21 రోజులకి బియ్యం గింజంత పిల్లలు ఇరవైకి పైగా పుట్టినా తల్లి సంచిలో చన్నులు నాలుగే, నాలుగు మిగిలితే అది ఫుల్ సక్సెస్.

సమస్య: పెంచినవాటిని అడవిలో వదిలిన కొద్దిరోజులకే కారు కింద పడుతున్నాయి

2015లో టాస్మానియాలోని నారాన్‌టాపు నేషనల్ పార్క్‌లో, ఇంకా ప్రయోగదశలోనే ఉన్న వ్యాక్సిన్ వేసి వదిలినవాటిలో కొన్ని ఇలాగే పోయాయి. రోడ్డు మీద చచ్చిన జంతువుని తినడానికొచ్చి ఇదీ చస్తుంది. ఎన్ని తరాలు బోనులో గడిస్తే రిస్క్ అంత ఎక్కువ, అందుకే స్వేచ్ఛగా తిరిగే చోట పెరిగినవాటిని వదలడం మేలు, రోడ్ల మీద స్పీడ్ కూడా తగ్గించాలి.

సమస్య: డెవిల్స్ బాగున్నాయి, పక్షులు పోయాయి

టాస్మానియా పక్కనే ఉన్న మరియా ఐలాండ్ అనే దీవికి 2012, 2013లో 28 డెవిల్స్‌ని తీసుకెళ్లారు, జబ్బు సోకకుండా చక్కగా పెరిగాయి. ఆ దీవిలో మూడు వేల జతల దాకా ఉండే చిన్న పెంగ్విన్‌లు మాత్రం పూర్తిగా మాయమయ్యాయి. దీనికి ఇప్పుడు చేసేదేమీ లేదు, వదలకముందే ఆలోచించాల్సింది. అందుకే నాకు ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని బారింగ్టన్ టాప్స్ పద్ధతే నచ్చుతుంది, కంచె వేసిన అడవి, 2020లో 26 డెవిల్స్‌ని వదిలారు, మరుసటి ఏడే సంచుల్లో పిల్లలు కనిపించాయి.