ఆపరేషన్‌కి చెన్నై వస్తున్నారా? మత్తు దగ్గర వచ్చే చిక్కులు, వాటికి దారులు

నెల్లూరు, సూళ్లూరుపేట, చిత్తూరు వైపు నుంచి ఆపరేషన్ కోసం చెన్నై వచ్చేవాళ్లు సర్జన్ ఎవరో పదిమందినీ వాకబు చేసి మరీ వస్తారు. మత్తు ఇచ్చే డాక్టర్‌ని మాత్రం చాలామంది థియేటర్ గుమ్మం దగ్గరే మొదటిసారి చూస్తారు. నేను ఇక్కడ ఆ పనిలోనే ఉన్నాను. మాకు ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావరకు, ముందే తెలియాల్సిన సంగతి తెలియకపోవడం వల్ల వచ్చేవే.

తీరా టేబుల్ ఎక్కే వేళకి ఆపరేషన్ వాయిదా పడింది

మొదటి కారణం తిండి. మత్తులో ఉన్న మనిషికి దగ్గు రాదు, మింగడం ఉండదు. కడుపులో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. వేపుళ్లు, మాంసం, బిర్యానీ తింటే 8 గంటలు ఆగాలి. ఇడ్లీ లాంటి తేలిక టిఫిన్‌కీ, పాలకీ 6 గంటలు, తల్లిపాలకి 4 గంటలు. మంచినీళ్లు 2 గంటల ముందు వరకు తాగొచ్చు. పాలు పోసిన కాఫీ పాల లెక్కే. రాత్రి నుంచి నీటిచుక్క కూడా ఇవ్వకుండా ముసలివాళ్లనీ పిల్లల్నీ మాడ్చడం వల్ల మేలేమీ లేదు. కేసు ఆలస్యమవుతోందంటే నీళ్లు పట్టొచ్చా అని నర్సుని అడగండి. పిల్ల ఏడుస్తోందని అమ్మమ్మ చాటుగా బిస్కెట్ పెట్టి ఉంటే ఆ సంగతి దాచకండి. చెబితే కొన్ని గంటల ఆలస్యం అవుతుంది, అంతే.

రెండో కారణం మందులు. ఈమధ్య మాకు ఎక్కువ టెన్షన్ పెడుతున్నవి రెండు రకాలు. ఒకటి, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు. వీటిని మామూలుగా ఆపరేషన్‌కి 3 రోజుల ముందే ఆపిస్తాం. ఆపకపోతే, మిషన్‌లో షుగర్ మామూలుగానే కనిపిస్తున్నా రక్తంలో ఆమ్లం పెరిగిపోయి వాంతులు, ఆయాసం మొదలవుతాయి. షుగర్ బాగానే ఉంది కదా అని అందరూ పొరబడతారు. రెండోది, వారానికోసారి వేసుకునే సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు. ఇవి కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి కాబట్టి, నియమం ప్రకారం ఉపవాసం ఉన్నా తిన్నది లోపలే ఉండిపోవచ్చు. అమెరికా మత్తు డాక్టర్ల సంఘం 2023లో వారం ముందు ఆపమంది. 2024లో మరికొన్ని సంఘాలతో కలిసి, చాలామంది ఆపక్కర్లేదనీ, ముప్పు ఎక్కువున్నవాళ్లు ముందురోజంతా ద్రవాహారం తీసుకోవాలనీ సవరించింది. కాబట్టి ఆపాలో వద్దో మీ డాక్టర్ చెప్పాలి. బరువు తగ్గడానికి వేసుకునేవాళ్లు దాన్ని మందుగా లెక్కేయరు, కొందరు ఇంట్లో కూడా చెప్పరు. మాకు మాత్రం చెప్పండి. అవసరమైతే స్కానింగ్‌తో కడుపు చూసుకునే ముందుకెళ్తాం.

ఉపవాసం అన్నారని బీపీ మాత్ర సొంతంగా మానకండి. చాలా రకాలు ఒక గుక్క నీళ్లతో వేసుకోవాల్సినవే, కొన్నింటిని ఆ పూటకి ఆపుతాం. స్టెంట్ వేయించుకున్నవాళ్లు రక్తం పలచబడే మాత్రల్ని ఎప్పుడు ఆపాలో, అసలు ఆపాలో లేదో గుండె డాక్టర్ చెప్పాలి. నాటుమందులతో సహా వాడుతున్నవన్నీ ఒక కవర్లో వేసుకొచ్చి చూపించండి.

చిన్న ఆపరేషనే, అయినా గంటల తరబడి వెంటిలేటర్ మీదే ఉంచారు

ఇది అరుదు. అయినా తెలుగువాళ్లకి తప్పకుండా తెలియాల్సిన విషయం. గొంతులో గొట్టం వేయడానికి కండరాల్ని వదులు చేసే మందు ఒకటుంది. పేరు సక్సినైల్‌కోలిన్, మా వాడుకలో స్కోలిన్. మామూలుగా 5 నుంచి 10 నిమిషాల్లో దాని పని అయిపోతుంది. దాన్ని రక్తంలో విరగ్గొట్టేది సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్. కొందరికి పుట్టుకతోనే అది బాగా తక్కువ, లేదా అసలుండదు. రోజువారీ జీవితంలో ఏ ఇబ్బందీ తెలియదు. ఈ మందు పడినప్పుడు, ఊపిరి తీసే కండరాలు కూడా గంటల తరబడి వదులుగానే ఉండిపోయి, అప్పుడే బయటపడుతుంది.

ఆర్యవైశ్య కుటుంబాల్లో ఈ లోపం మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. మేనరికాలు చేసుకున్న ఇళ్లలో తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపం బిడ్డకి చేరే అవకాశం ఇంకా పెరుగుతుంది. కులం అడిగితే ఎక్కడ నొచ్చుకుంటారోనని అడగడానికి మొహమాటపడే డాక్టర్లున్నారు. దయచేసి మీరే చెప్పండి. అక్కకో బాబాయికో మత్తు తర్వాత ఆలస్యంగా ఊపిరి వచ్చిందని ఇంట్లో ఎప్పుడైనా విని ఉంటే, అది ఎన్నేళ్ల నాటి మాటైనా చెప్పండి.

ఇలా జరిగితే చేయాల్సింది కంగారుపడకుండా కనిపెట్టుకుని ఉండడమే. మెలకువ ఉండి కదల్లేని బాధ పడకుండా నిద్రమందు ఇస్తూ, మందు పని తగ్గేదాకా వెంటిలేటర్ మీద ఉంచితే మనిషి పూర్తిగా కోలుకుంటారు. తర్వాత రక్తపరీక్ష చేయించండి. తోబుట్టువులకీ పిల్లలకీ కూడా చేయించండి. ఫలితం కాగితం మీద రాయించి పర్సులో ఒకటి, ఫోన్లో ఒకటి ఉంచుకోండి. ముందే తెలిస్తే స్కోలిన్ జోలికి పోకుండా, అదే పని చేసే రోక్యురోనియం వాడతాం. దానికి సుగమ్మడెక్స్ అనే విరుగుడు కూడా ఉంది.

లేచి కూర్చుంటే తల పగిలిపోతోంది, పడుకుంటే తగ్గుతోంది

మత్తు కోసం నడుంలో వేసిన సూది రంధ్రంలోంచి వెన్నుపాము చుట్టూ ఉండే నీరు కారడం దీనికి కారణం. బాలింతల్లో ఎక్కువ చూస్తాం. సన్నటి సూదులు వచ్చాక బాగా తగ్గింది. దిండు తీసేసి రోజంతా వెల్లకిలా పడుకోబెడితే రాదన్నది పాత నమ్మకం, దానివల్ల ఆగదు. నీళ్లు బాగా తాగడం, పారాసెటమాల్, కాఫీ కొంత ఉపశమనం ఇస్తాయి. బిడ్డకి పాలు పట్టడానికి కూడా కూర్చోలేకపోతుంటే ఓర్చుకోకండి, ఆసుపత్రికి తిరిగి రండి. చేతిలోంచి తీసిన మీ రక్తాన్నే నడుం దగ్గర ఎక్కించి ఆ రంధ్రాన్ని మూసే పద్ధతి ఉంది. జ్వరంతో మెడ పట్టేసినా, చూపు రెండుగా కనిపించినా, ఫిట్స్ వచ్చినా వెంటనే రావాలి.

"సిజేరియన్‌లో వేసిన సూది వల్లే నాకీ నడుం నొప్పి"

ప్రతి ఇంట్లో వినే మాట. సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పిగా ఉండొచ్చు. ఏళ్ల తరబడి ఉండే నొప్పి మాత్రం సూది వేయించుకున్నవాళ్లలోనూ వేయించుకోనివాళ్లలోనూ దాదాపు ఒకేలా ఉందని అధ్యయనాల్లో తేలింది. గర్భంతో వదులైన కీళ్లు, వంగి పాలు పట్టడం అసలు కారణాలు. ఒళ్లో దిండు పెట్టుకుని నిటారుగా కూర్చోండి, నడుం కండరాలకి వ్యాయామం నేర్చుకోండి. ఈ భయంతో పూర్తి మత్తే కావాలని పట్టుబట్టేవాళ్లున్నారు. సిజేరియన్‌కి మామూలుగా నడుంలో మత్తే ఎక్కువ భద్రం. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం బంద్ అయినా ఆరోజే చూపించాలి.

వణుకు, గొంతు నొప్పి, వాంతులు

వణుకుకి దుప్పటి, వేడి గాలి చాలు. గొంతు నొప్పి గొట్టం వల్ల వచ్చేది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సెక్కితే వాంతి అయ్యేవాళ్లకి మత్తు తర్వాత కూడా వాంతులు ఎక్కువ. ముందే చెబితే ముందే మందు ఇస్తాం.

రాత్రి ఐసీయూలో తాతయ్య మనుషుల్ని గుర్తుపట్టడం లేదు

మతి పోయిందని భయపడతారు. పెద్దవయసులో ఆపరేషన్ తర్వాత వచ్చే తాత్కాలిక గందరగోళం ఇది. నొప్పి, ఇన్ఫెక్షన్, నిద్రలేమి, మూత్రం నిలిచిపోవడం దీన్ని పెంచుతాయి. చెన్నైలో ఇంకో సంగతి కూడా తోడవుతుంది. చుట్టూ తమిళం, మలయాళం మాటలే, తెలిసిన గొంతు ఒక్కటీ ఉండదు. ఇంటివాళ్లలో ఒకరిని పక్కన ఉండనివ్వమని అడగండి. కళ్లజోడు, వినికిడి మిషన్ పెట్టండి. ఈరోజు ఏ వారమో, ఎక్కడున్నారో తెలుగులో నెమ్మదిగా చెబుతూ ఉండండి. నర్సు కోసం ఒక చీటీ మీద నొప్పి అంటే వలి, నీళ్లంటే తణ్ణి, ఊపిరి అంటే మూచ్చు అని రాసి మంచానికి అంటించండి. రోజూ మద్యం తాగే అలవాటుంటే సిగ్గుపడకుండా చెప్పండి. అది ఆగడం వల్ల వచ్చే గందరగోళానికి వైద్యం వేరు.

ఏం అడిగారో తెలియక తలూపేశాం

పేరు, ఏ వైపు ఆపరేషన్, ఏ మందు పడదు అని మళ్లీ మళ్లీ అడగడం 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన భద్రతా పట్టికలో భాగం. విసుక్కోకుండా ప్రతిసారీ పూర్తిగా జవాబివ్వండి. తమిళం అర్థం కాకపోతే తెలుగు తెలిసినవాళ్లని పిలవమనండి, అలాంటివాళ్లు సాధారణంగా దొరుకుతారు. సంతకం చేసే ముందు కాగితంలో ఉన్నది తెలుగులో చెప్పించుకోండి.

డిశ్చార్జ్ అయ్యేటప్పుడు ఏ రకం మత్తు ఇచ్చారో, గొట్టం వేయడం కష్టమైందో లేదో, ఏ మందు పడలేదో రాయించుకోండి. తర్వాతి ఆపరేషన్ ఏ ఊళ్లో జరిగినా అక్కడి మత్తు డాక్టర్‌కి ఈ కాగితం కావాలి.