దేశం మీద ప్రాజెక్టు – మూడో పాఠం: తోక లేని అంకెలు

పోయిన పాఠం చివర ఒక పట్టిక ఇచ్చి, పిల్లలకు నచ్చిన దేశాన్ని ఎంచుకొని నింపమన్నాను. పేరు, రాజధాని, వైశాల్యం, జనాభా, భాషలు, కరెన్సీ, ఇరుగుపొరుగు దేశాలు. ఉన్నవి ఏడే గడులు. ఒక సాయంత్రంలో తేలిపోయే పని అనుకుని కూర్చున్నవాళ్లు చాలామంది ఇంట్లో తగువు పడి లేచారట. "పుస్తకంలో ఒకటి ఉంది, నెట్‌లో ఇంకొకటి ఉంది, బడిలో చెప్పింది వేరే. ఏది రాయాలి?" దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ఇదే ప్రశ్న. కొందరు పెద్దలు విసుగెత్తి, తమకు తోచిన అంకె తామే వేసి పిల్లలను పడుకోబెట్టారు. చేతిరాతలు చూస్తే తెలిసిపోతుంది. కాబట్టి ఈసారి కొత్త విషయం జోలికి వెళ్లను. ఆ పట్టికలనే మళ్లీ ముందు పరచుకుందాం.

అట్లాసు వెనక సూచిక ఎలా చూడాలో, ఏ మాట కొట్టి వెతకాలో చెప్పను. నాలుగో తరగతి పిల్లలకు అది మనకన్నా బాగా వచ్చు. జెండా గురించి కూడా మాట్లాడను. జెండాకు రంగులు వేయడంలో గడిచే సాయంత్రాన్ని జనాభా గడికి ఇవ్వండి. జాతీయ పక్షి, జాతీయ పువ్వు అంటూ సొంతంగా గడులు కలిపినవారు వాటిని కొట్టేయవచ్చు. వాటివల్ల చార్టు నిండుతుందే తప్ప ఆ దేశం గురించి ఒక్క ప్రశ్న కూడా పుట్టదు.

రెండు చోట్ల రెండు జవాబులు కనిపిస్తే, పిల్లలు వెంటనే "ఏది తప్పు?" అంటారు. చాలాసార్లు రెండూ ఒప్పే. తేడా ఎందుకు వచ్చిందో కనిపెట్టడమే ఈ పాఠం.

మొదటి కారణం, కాలం. ఒక ఇంట్లో అన్నాచెల్లెళ్లిద్దరూ కజకిస్తాన్‌నే తీసుకున్నారు. ఇద్దరికీ కలిపి మూడు రాజధానులు వచ్చాయి. మూడూ నిజమే, ఎప్పుడు చెప్పారన్నదే తేడా. 1997లో రాజధాని అల్మాటీ నుంచి అక్మోలా అనే ఊరికి మారింది. మరుసటి ఏడాది ఆ ఊరి పేరు అస్తానా అయింది. 2019లో నూర్ సుల్తాన్ అని మార్చారు. 2022లో మళ్లీ అస్తానా అన్నారు. చెల్లెలి చేతిలోని పుస్తకం 2020లో అచ్చయింది. పాపం, దాని తప్పేముంది? ఆఫ్రికాలో అతి పెద్ద దేశం సూడాన్ అని రాసిన అబ్బాయి అట్లాసు 2011కు ముందుది. ఆ ఏడాది జూలైలో దక్షిణ సూడాన్ విడిపోయింది. అప్పటినుంచి పెద్ద దేశం అల్జీరియా. క్రొయేషియా కరెన్సీ కూనా అని రాసినవారికీ ఇదే జవాబు. 2023 జనవరి 1 నుంచి అక్కడ యూరో నడుస్తోంది. దక్షిణాఫ్రికా అధికార భాషలు 11 అని కొందరు, 12 అని కొందరు రాశారు. 2023లో అక్కడి సంకేత భాషకు కూడా అధికార హోదా వచ్చింది, లెక్క 12 అయింది.

అందుకే పట్టికలోని ప్రతి అంకెకూ, ప్రతి పేరుకూ ఒక తోక ఉండాలంటాను. ఆ తోక సంవత్సరం. నేనైతే అంకె కిందే చిన్న అక్షరాలతో, పెన్సిలుతో రాయిస్తాను. చార్టు అందం చెడుతుందని ఒకరు బాధపడ్డారు. చెడనివ్వండి.

జనాభా గడిలో సంవత్సరంతో పాటు ఇంకొకటి చూడాలి. అది జనగణనలో వచ్చిన అంకెనా, అంచనానా? లెబనాన్ తీసుకున్న పాప "ఎక్కడ చూసినా వేరే వేరే అంకె ఉంది" అని రాసింది. ఉండక ఏమవుతుంది? ఆ దేశంలో అధికారిక జనగణన 1932 తర్వాత జరగనే లేదు. అక్కడివన్నీ అంచనాలే. ఆ పాప "అంచనా" అన్న ఒక్క మాట పక్కన రాస్తే ఆ గడికి పూర్తి మార్కులు ఇస్తాను. దేశాలను ఒకదానితో ఒకటి పోల్చేటప్పుడు మాత్రం ఐక్యరాజ్యసమితి అంచనాలు వాడటం నాకు అలవాటు. అన్ని దేశాలకూ ఒకే ఏడాది అంకెలు ఒకేచోట దొరుకుతాయి.

రెండో కారణం, దేన్ని లెక్కపెట్టారన్నది. ఫిన్లాండ్ వైశాల్యం ఒకచోట సుమారు 3,38,000 చదరపు కిలోమీటర్లు, ఇంకొకచోట సుమారు 3,04,000. మొదటిదాంట్లో సరస్సులు కలిశాయి, రెండోది నేల ఒక్కటే. జపాన్ దీవుల సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. చాలాకాలం ఆ సంఖ్య 6,852. అది 1987లో కాగితం పటాల మీద లెక్కపెట్టినది. 2023లో డిజిటల్ పటాల మీద మళ్లీ లెక్కిస్తే 14,125 వచ్చింది. ఏడు వేల దీవులు సముద్రంలోంచి కొత్తగా లేచాయా అని ఒక పిల్లవాడు అడిగాడు. మంచి ప్రశ్న. చుట్టుకొలత 100 మీటర్లకు తగ్గని దీవులనే లెక్కలోకి తీసుకోవాలన్న నియమం కూడా పెద్దగా మారలేదు. పాత పటంలో ఒకే మచ్చలా కనిపించిన దీవుల గుంపు కొత్త పటంలో విడివిడిగా కనిపించింది. ఈ ఒక్క విషయం రాసినా ప్రాజెక్టుకు ప్రాణం వస్తుంది.

మూడో కారణం, దేశమే అలా ఉండటం. గడి ఒకటే, జవాబులు రెండు. బొలీవియా రాజ్యాంగం ప్రకారం రాజధాని సుక్రే. ప్రభుత్వం, పార్లమెంటు ఉన్నది లా పాజ్‌లో. నెదర్లాండ్స్ రాజధాని ఆమ్‌స్టర్‌డామ్, ప్రభుత్వం కూర్చునేది హేగ్‌లో. దక్షిణాఫ్రికాలో మూడు ఊళ్లు పని పంచుకున్నాయి. ప్రభుత్వ పాలన ప్రిటోరియాలో, పార్లమెంటు కేప్‌టౌన్‌లో, అప్పీళ్ల సుప్రీం కోర్టు బ్లూమ్‌ఫౌంటీన్‌లో. నౌరూకైతే అధికారికంగా రాజధానే లేదు, ప్రభుత్వ కార్యాలయాలు యారెన్‌లో ఉంటాయి. గడి చాలకపోతే గీత చెరిపి గడిని పెంచండి. గడి కోసం దేశాన్ని కుదించకండి.

ఇక నాకు నిజంగా ఒళ్లు మండించిన విషయానికి వస్తాను. మిలియన్.

జపాన్ జనాభా 124 కోట్లు అని రాసిన పట్టికలు ఒకటీ అరా కాదు, కట్టలుగా వచ్చాయి. కింద పెద్దల సంతకాలు కూడా ఉన్నాయి. 124 మిలియన్లు అని చూసి, పెద్ద సంఖ్య కాబట్టి కోట్లే అయి ఉంటుందని రాసేశారు. మిలియన్ అంటే పది లక్షలు. పది మిలియన్లయితే ఒక కోటి. అంటే 124 మిలియన్లు 12.4 కోట్లు. నా అడ్డదారి ఇది. మిలియన్ల అంకె పది, అంతకు మించితే చుక్కను ఒక స్థానం ఎడమకు జరిపి కోట్లు అంటాను. పది కన్నా తక్కువైతే పదితో గుణించి లక్షలు అంటాను. కెనడా 2024లో సుమారు 41 మిలియన్లు, అంటే 4.1 కోట్లు. న్యూజిలాండ్ 5.3 మిలియన్లు, అంటే 53 లక్షలు. ఐస్‌లాండ్ 0.39 మిలియన్, అంటే 3.9 లక్షలు. బిలియన్ కనిపిస్తే వంద కోట్లు. ఈ నాలుగు ముక్కలూ గోడ మీద అంటించుకోండి.

మిలియన్ అన్న మాట లేకుండా సంఖ్య పూర్తిగా ఇచ్చినప్పుడు కామాలు మోసం చేస్తాయి. మంగోలియా వైశాల్యం 1,564,116 చదరపు కిలోమీటర్లు అని ఉంటుంది. మనవాళ్ల కన్ను మొదటి కామా దగ్గర లక్ష అని చదువుతుంది. 1 లక్షా 56 వేలు అని రాసిన పట్టిక నా ముందే ఉంది. మంగోలియా పదో వంతుకు చిక్కిపోయింది. ఇలాంటప్పుడు కామాలన్నీ తీసేయండి. 1564116 అని రాసుకోండి. కుడివైపు నుంచి మూడు అంకెలు వదిలి ఒక కామా, ఆ తర్వాత రెండేసి అంకెలకు ఒకటి. 15,64,116 వస్తుంది, పదిహేను లక్షలు. పిల్లల చేత ప్రతిసారీ కామాలు తీయించి మళ్లీ పెట్టించండి. చూసి మనసులో మార్చుకుంటానంటే ఒప్పుకోకండి.

జర్మనీ తీసుకున్నవారికి ఇంకో గండం. జర్మన్లు మనం కామా పెట్టేచోట చుక్క, చుక్క పెట్టేచోట కామా పెడతారు. వాళ్ల పేజీల్లో వైశాల్యం 357.588 అని ఉంటే మూడు లక్షల యాభై ఏడు వేల చిల్లర అని అర్థం. జనాభా 83,5 మిలియన్లు అని ఉంటే ఎనభై మూడున్నర మిలియన్లు, 8.35 కోట్లు. ఒక పట్టికలో జర్మనీ వైశాల్యం "సుమారు 358 చదరపు కిలోమీటర్లు" అని ఉంది. అంత నేల మీద అంతమందిని ఎక్కడ నిలబెడతారో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

చదరపు మైళ్ల గురించి ఒక్క మాట. జపాన్ 1,45,937 చదరపు మైళ్లు అని చూసి, మైలుకు 1.6 కిలోమీటర్లు కదా అని 1.6తో గుణించినవారున్నారు. పొడవుకు 1.609 అయితే, వైశాల్యానికి 1.609 × 1.609, అంటే సుమారు 2.59. దాంతో గుణిస్తే 3.78 లక్షల చదరపు కిలోమీటర్లు వస్తుంది, అదే సరైనది.

ఇవన్నీ గుర్తుండకపోతే చివర ఒక్క భాగహారం చేయించండి. తప్పును చాలావరకు అదే పట్టిస్తుంది. జనాభాను వైశాల్యంతో భాగించాలి. జపాన్: 12.4 కోట్లను 3.78 లక్షలతో భాగిస్తే చదరపు కిలోమీటరుకు సుమారు 328 మంది. 124 కోట్లు అని పట్టుబడితే 3,280 మంది. దేశమంతా ఒకే నగరమైన సింగపూర్‌లో దాదాపు 8,000 మంది ఉంటారు. కానీ జపాన్ నేలలో మూడింట రెండు వంతులు అడవులే. అక్కడ సగటున మూడు వేల మంది ఎలా పడతారు? మంగోలియాకు సుమారు 35 లక్షల మందిని 15.64 లక్షలతో భాగిస్తే ఇద్దరికి కాస్త ఎక్కువ. అంకె చిన్నదని కంగారు పడకండి, అక్కడ నిజంగానే అంత పలుచగా ఉంటారు.

అభ్యాసం ఈసారి బరువే, వారం పట్టవచ్చు. మీ దేశానికి, దాని సరిహద్దు దేశాలన్నింటికీ జనాభా, వైశాల్యం ఒకే ఏడాదివి సేకరించి, లక్షల్లో, కోట్లలో రాసి, చదరపు కిలోమీటరుకు ఎంతమందో లెక్కకట్టాలి. ఎక్కువ నుంచి తక్కువకు వరసగా పెట్టాలి. లెక్క పిల్లలదే, పెద్దలు చివర సరిచూడాలి. దాంతో పాటు 2011కు ముందు అచ్చయిన అట్లాసు ఒకటి ఎక్కడైనా సంపాదించి, ఇప్పటిదానితో పోల్చి, తేడాలు అయిదు పట్టండి. ఒక్కొక్కటి పై మూడు కారణాల్లో దేని కిందికి వస్తుందో పక్కన రాయండి. ఈశ్వాతిని అన్న పేరు కనిపించడం లేదని ఉత్తరం రాయకండి. ఆ దేశం 2018 వరకు స్వాజీలాండ్.

సముద్రం మధ్య ఒంటరి దీవి దేశాలను ఎంచుకున్నవారికి సరిహద్దులు ఉండవు కాబట్టి, పటంలో దగ్గరగా ఉన్న మూడు దేశాలు తీసుకోండి. బ్రెజిల్ వారికి పని ఎక్కువే. దక్షిణ అమెరికాలో చిలీ, ఈక్వడార్ తప్ప అన్ని దేశాలూ దాని పొరుగువే. ఫ్రెంచ్ గయానా కూడా దాన్ని ఆనుకొని ఉంది కానీ అది ఫ్రాన్స్‌లో భాగం. దాన్ని విడిగా లెక్కపెడతారా, ఫ్రాన్స్‌ను బ్రెజిల్ పొరుగుదేశం అంటారా, మీరే తేల్చుకొని, ఎందుకలా చేశారో ఒక వాక్యంలో పట్టిక కింద రాయండి.