పురుగుమందు పిచికారీ నేర్చుకుందాం – మూడవ పాఠం: ఎకరానికి ఎంత, ట్యాంకుకు ఎంత?

గత పాఠంలో మందు డబ్బాపై ఉండే లేబులును చదవడం నేర్చుకున్నాము. అందులోని త్రిభుజం ఎరుపు రంగులో ఉంటే ఆ మందు అత్యంత విషపూరితమని, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులు వరుసగా అంతకు తగ్గుతూ వచ్చే స్థాయిలను తెలుపుతాయని, ఏ పంట మీద ఏ పురుగుకు ఆ మందును అనుమతించారో పట్టికలోనే చూసుకోవాలని చెప్పుకున్నాము. అదే పట్టికలో మోతాదు కూడా ఉంటుంది. ఈ పాఠమంతా ఆ మోతాదును మన చేనికి, మన పంపుకు సరిపోయేలా లెక్కకట్టడం గురించే.

లేబులుపై మోతాదును సాధారణంగా హెక్టారుకు ఇస్తారు. దానిని రెండున్నరతో భాగిస్తే ఎకరానికి కావలసిన మందు వస్తుంది. ఉదాహరణకు, పత్తిలో కాయతొలుచు పురుగుకు వాడే క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్.సి. (నీటిలో కలిపే చిక్కటి ద్రవరూపం) మందును హెక్టారుకు 150 మి.లీ. చొప్పున, 500 లీటర్ల నీటిలో కలిపి కొట్టాలి. అంటే ఎకరానికి 60 మి.లీ. మందు, 200 లీటర్ల నీరు. ఈ 60 మి.లీ. ఎకరం పైరు మీద సమంగా పడినప్పుడే పురుగు చస్తుంది.

అయితే మన ఊళ్ళలో మోతాదు ఎకరాల్లో వినబడదు. దుకాణంలో అడిగితే "ట్యాంకుకు మూత నిండా పోయండి" అంటారు, పక్కచేను రైతును అడిగితే "నేను ట్యాంకుకు ఆరు మి.లీ. పోశాను" అంటాడు. వారు తప్పు చెప్పాలని చెప్పరు, కానీ ఆ మాటలో ఎకరానికి ఎన్ని ట్యాంకులు కొట్టాలన్న లెక్క లేదు. 16 లీటర్ల ట్యాంకుకు 6 మి.లీ. చొప్పున పోసి, నెల రోజుల పైరులో వడివడిగా నడుస్తూ ఎకరాన్ని 7 ట్యాంకులతో ముగించినవాడు వేసిన మందు 42 మి.లీ. మాత్రమే. అదే కొలతతో, నడుము ఎత్తు పెరిగి కొమ్మలు కలిసిపోయిన చేనులో 16 ట్యాంకులు కొట్టినవాడు 96 మి.లీ. వేశాడు. మొదటివాడి చేనులో పురుగు చావక మిగిలి, మందుకు తట్టుకునే సంతతిని పెంచుతుంది. రెండవవాడు డబ్బు నష్టపోవడమే కాక, తనపై, మిత్రపురుగులపై, నేలపై అవసరానికి మించిన విషాన్ని కుమ్మరిస్తాడు. ఇద్దరూ చివరకు "ఈ మందు పనిచేయడం లేదు" అనో, "ఇంకొంచెం ఘాటుగా కొట్టాలి" అనో తేల్చుకుని మరో మందును కూడా కలుపుతారు. 2017లో మన ఆదిలాబాద్‌కు సరిహద్దున ఉన్న మహారాష్ట్రలోని యవత్మాళ్ జిల్లాలో పత్తిచేలలో మందు కొట్టిన రైతులు, కూలీలు వందలాదిగా ఆసుపత్రుల పాలయ్యారు, పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఎత్తుగా పెరిగిన పైరులో, రెండు మూడు మందులను కలిపి కొట్టడం ఆ విషాదానికి కారణాలలో ఒకటిగా చెప్పుకున్నారు. కొలత తప్పిన చోట మొదలయ్యే దారి ఎక్కడికి చేరగలదో చూపడానికే దీనిని ఇక్కడ ప్రస్తావించాను.

కాబట్టి మందు డబ్బా మూత తీయకముందే, మన పంపుతో, మన నడకతో, ఇప్పుడున్న పైరులో ఎకరానికి ఎంత నీరు పడుతుందో కనుక్కోవాలి. దీనికి ఉట్టి నీళ్ళు చాలు.

చేనులో 66 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు గల చోటును టేపుతో కొలిచి నాలుగు మూలలా పుల్లలు పాతండి. ఇది సరిగ్గా 5 సెంట్లు, తెలంగాణ లెక్కలో 2 గుంటలు. పత్తిని మూడడుగుల సాళ్ళలో వేసి ఉంటే వెడల్పున 11 సాళ్ళు వస్తాయి. పంపును ముందుగా రెండు మూడు సార్లు కడిగి, శుభ్రమైన నీటిని ట్యాంకులో ఒక గుర్తు వరకు నింపండి. కడిగినా పాత మందు అంటుకుని ఉండవచ్చు గనుక పొడవు చేతుల చొక్కా, చేతొడుగులు ఇప్పుడు కూడా వేసుకోవాలి. కలుపుమందు కొట్టిన పంపును మాత్రం పత్తిలోకి తీసుకురాకండి. 2,4-డి అనే కలుపుమందు అవశేషం కొద్దిగా ఉన్నా పత్తి ఆకులు ముడుచుకుపోయి పైరు దెబ్బతింటుంది. ఇక నిజంగా మందు కొడుతున్నట్లే, అదే వేగంతో నడుస్తూ, ఆకుల పైభాగం, అడుగుభాగం తడిసేలా ఆ 5 సెంట్లనూ పూర్తి చేయండి. తరువాత కొలజాడీతో నీరు పోస్తూ ట్యాంకును మళ్ళీ అదే గుర్తు వరకు నింపండి. ఎన్ని లీటర్లు పట్టాయో దానిని 20తో హెచ్చవేస్తే ఎకరానికి పట్టే నీరు తెలుస్తుంది. 8 లీటర్లు పడితే ఎకరానికి 160 లీటర్లు, అంటే 16 లీటర్ల ట్యాంకులు 10. 10 లీటర్లు పడితే 200 లీటర్లు, అంటే పన్నెండున్నర ట్యాంకులు.

ఈ అంకె మీ చేనికి శాశ్వతం కాదు. పైరు ఎత్తు మారినప్పుడల్లా, పంపు మారినప్పుడల్లా, కొట్టే మనిషి మారినప్పుడల్లా అది మారుతుంది. మందు కొట్టేది కూలీ అయితే ఆయన చేతనే ఈ పరీక్ష చేయించాలి. యజమాని నడకతో తీసిన లెక్క కూలీ నడకకు పనికిరాదు. చేతిపంపు వదిలి బ్యాటరీ పంపు కొన్నవారు కూడా పాత లెక్కను పక్కనపెట్టి మళ్ళీ కొలవాలి. లేబులు చెప్పిన నీటికన్నా మీ అంకె బాగా తక్కువగా వస్తే మీరు తొందరగా నడుస్తున్నారో, నాజిల్ పూడుకుపోయిందో చూడండి. బాగా ఎక్కువగా వస్తే నాజిల్ రంధ్రం అరిగి ఉండవచ్చు. ఒక నిమిషంలో నాజిల్ నుంచి వచ్చే నీటిని జాడీలో పట్టి, అదే రకం కొత్త నాజిల్‌తో పోల్చండి. పదోవంతు కన్నా ఎక్కువ తేడా ఉంటే పాతదాన్ని పారవేయాలి. అరిగిన నాజిల్ పెద్ద చుక్కలు విడుస్తుంది, అవి ఆకు మీద నిలవక నేల మీదికి జారిపోతాయి. పూడుకుపోయిన నాజిల్‌ను నోటితో ఊదే అలవాటు ఇప్పటికీ కనబడుతోంది. దయచేసి ఎన్నడూ అలా చేయకండి. పాత పళ్ళబ్రష్షు, నీరు చాలు.

ఇప్పుడు మందును ట్యాంకులకు పంచాలి. ఎకరానికి 60 మి.లీ. మందు, 10 ట్యాంకులు అయితే ట్యాంకుకు 6 మి.లీ. పన్నెండున్నర ట్యాంకులైతే 4.8 మి.లీ., చివరి అర ట్యాంకుకు 2.4 మి.లీ. ఇంత చిన్న కొలతలను చేనుగట్టు మీద మూతతో సరిగా తీయడం సాధ్యం కాదు. అందుకే నేను సూచించే పద్ధతి వేరు. ఎన్ని ట్యాంకులు పడతాయో అన్ని వందల మి.లీ. ద్రావణం ముందుగా తయారు చేసుకోండి. పన్నెండున్నర ట్యాంకులకు 60 మి.లీ. మందును జాడీలో పోసి, నీటితో 1,250 మి.లీ. వరకు నింపి, కర్రతో బాగా కలిపితే, ప్రతి ట్యాంకుకు 100 మి.లీ., చివరి అర ట్యాంకుకు 50 మి.లీ. పోస్తే సరిపోతుంది. మందు అడుగుకు చేరే స్వభావం ఉంటుంది గనుక తీసే ప్రతిసారీ మళ్ళీ కలపాలి. ఆ ద్రావణాన్ని మరుసటి రోజుకు దాచకూడదు. ట్యాంకులో సగం నీరు ముందుగా పోసి, ద్రావణాన్ని జల్లెడ మీదుగా వంచి, ఆ తరువాత మిగిలిన నీరు నింపండి. నీరు తేటగా ఉండాలి. కుంటలోని బురదనీటిలో కొన్ని మందుల శక్తి మట్టికి అంటుకుపోతుంది.

ఈ కొలిచే పది నిమిషాలే పిచికారీ మొత్తంలో అత్యంత ప్రమాదకరమైనవి. పై పన్నెండున్నర ట్యాంకుల ఉదాహరణలో డబ్బాలోని చుక్క, ట్యాంకులోని చుక్క కన్నా మూడువేల రెట్లకు పైగా గాఢమైనది. అయినా చాలామంది చేనులోకి దిగేటప్పుడు ముఖానికి గుడ్డ కట్టుకుంటారు గానీ, మందు కొలిచేటప్పుడు వట్టి చేతులతోనే కొలుస్తారు. కొందరు చేతితోనే కలుపుతారు. మందు శరీరంలోకి చేరే ప్రధాన దారి ముక్కు కన్నా ఎక్కువగా చర్మమేనన్న సంగతి వారికి ఎవరూ చెప్పలేదు. నైట్రైల్ రబ్బరు చేతొడుగులు, కళ్ళద్దాలు అన్నిటికన్నా ముందుగా కావలసింది ఇక్కడే. గాలి మీ వీపు నుంచి వీచేలా నిలబడి, డబ్బాను నడుము కన్నా కింద పట్టుకుని పోయండి. పిల్లలు, పశువులు, తాగునీటి బావి దగ్గరలో ఉండకూడదు. డబ్బా ఖాళీ కాగానే మూడుసార్లు నీటితో కడిగి, ఆ కడిగిన నీటిని ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడవండి. లేకపోతే అది ఏదో ఒక ఇంట్లో నూనె డబ్బాగానో, నీళ్ళ డబ్బాగానో మారుతుంది.

మామిడి వంటి తోటలకు కొన్ని లేబుళ్ళపై లీటరు నీటికి ఇంత అని గానీ, చెట్టుకు ఇంత అని గానీ ఉంటుంది. అక్కడ ఎకరం లెక్క పనికిరాదు, లేబులులో ఉన్నదే పాటించాలి.

ఈ వారం అభ్యాసం: మీ చేనులో 5 సెంట్ల పరీక్షను వేరువేరు రోజులలో రెండుసార్లు చేసి, రెండు అంకెలను, పంటకు ఎన్ని రోజులైందో, పంపు రకాన్ని, కొట్టినవారి పేరును నోటు పుస్తకంలో రాయండి. 5 సెంట్లకు పట్టిన నీటిలో రెండుసార్లకు మధ్య లీటరు కన్నా ఎక్కువ తేడా వస్తే నడక నిలకడగా లేదని అర్థం, మూడవసారి చేయండి. మీ దగ్గరున్న ఒక మందు లేబులును తీసుకుని, ఎకరానికి, ట్యాంకుకు, చివరి అర ట్యాంకుకు ఎంత మందు పడుతుందో కూడా అక్కడే లెక్కకట్టండి. నాలుగవ పాఠంలో గాలి దిశను బట్టి ఏ గట్టు నుంచి మొదలుపెట్టాలో, పూత సమయంలో తేనెటీగలకు హాని లేకుండా ఏ వేళ కొట్టాలో నేర్చుకుందాం. అప్పటికి ఈ నోటు పుస్తకం మీ దగ్గర ఉండాలి.