ఇంటి పనులు మన చేత్తో – 3వ పాఠం: కార్డ్‌లెస్ డ్రిల్లు, తొలి చిల్లు

పోయిన పాఠంలో ఇచ్చిన హోంవర్కు చేశారా? ఇల్లంతా తిరిగి ఎక్కడెక్కడ చిల్లు వేయాలో, ఏ స్క్రూలు వదులయ్యాయో కాగితం మీద రాయమన్నాను. మా ఇంటి లెక్క నేనూ రాశాను. వంటింటి అల్మరా తలుపు కీలు ఒకటి ఊగుతోంది. బాత్రూములో టవల్ రాడ్ బిగించాలి. హాలు కిటికీకి కర్టెన్ రాడ్. దేవుడి గదిలో వెంకటేశ్వరస్వామి పటం, మూడు నెలలుగా గోడకు ఆనించే ఉంది. తిరుపతిలో ఉంటూ స్వామిని నేల మీద కూర్చోబెడతారా అని మా అత్తగారు అనని రోజు లేదు.

ఈ నాలుగు పనుల్లో మూడింటికి చిన్న కార్డ్‌లెస్ డ్రిల్లు, అంటే తీగ లేకుండా బ్యాటరీతో తిరిగేది, చాలు. మిగిలిన ఒక్కదానికి చాలదు. అది ఏదో గోడ దగ్గరికి వెళ్లాక చెబుతాను.

డబ్బా మీది అంకె

డ్రిల్లు కొనడానికి వెళితే ముందుగా కంట్లో పడేవి 48, 88, 128 అని పెద్ద పెద్ద అంకెలున్న డబ్బాలు. రెండేళ్ల కిందట నేనూ ఒకటి 2,200 రూపాయలు పెట్టి కొన్నాను. 48 పక్కన వి, వి పక్కన ఎఫ్ అని ఉంది. ఎఫ్ అంటే ఏమిటని అడిగితే షాపతను "ఫుల్ పవర్ సామీ" అన్నాడు. నమ్మి తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చాక లెక్క వేశాను. వీటిలో ఉండే లిథియం సెల్ ఒక్కోటి 3.6 వోల్టులు. బొటనవేలంత లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, సుమారు 45 గ్రాముల బరువు. 48 వోల్టులు రావాలంటే అలాంటివి 13 సెల్స్ వరసగా కలపాలి. సెల్స్ బరువే దాదాపు 600 గ్రాములు కావాలి. నా బ్యాటరీని వంటింటి తూకం మీద పెడితే డొప్పతో కలిపి 290 చూపించింది. అంటే లోపల ఉన్నవి ఐదే సెల్స్. ఐదు మూడున్నరలు పదిహేడున్నర, ఆపైన కాస్త, మొత్తం 18. మామూలు 18 వోల్టుల డ్రిల్లు అది. 128 అని రాసిన దానికైతే సుమారు 36 సెల్స్ పట్టాలి, ఒక్క బ్యాటరీయే కిలోన్నర దాటాలి. అందుకే ఈ పాఠం చదివేవాళ్లకు నా మొదటి సలహా: డబ్బా మీది అంకె కన్నా బ్యాటరీ బరువును నమ్మండి.

పేరున్న కంపెనీలవి కూడా 20 మ్యాక్స్ అంటాయి కదా అని మీరు అడగొచ్చు. అది వేరు. సెల్ నిండా చార్జ్ అయినప్పుడు 4.2 వోల్టులు చూపిస్తుంది. ఐదింటికి 21. పని మొదలెట్టాక సగటున 3.6 దగ్గర ఉంటుంది, ఐదింటికి 18. కొందరు నిండుగా ఉన్నప్పుడు కొలిచి దగ్గర దగ్గరగా 20 అని రాస్తారు, కొందరు పనిలో ఉన్నప్పుడు కొలిచి 18 అని రాస్తారు. వస్తువు ఒకటే. 12 అని రాసే చిన్నవాటిలో మూడు సెల్స్ ఉంటాయి, నిజానికి 10.8.

వోల్టుల పక్కన చూడాల్సిన రెండో అంకె ఏహెచ్, అంటే ఆంపియర్ అవర్లు. వోల్టులు ఘాట్ రోడ్డు ఎక్కే దమ్ము అనుకుంటే, ఏహెచ్ ట్యాంకులో పెట్రోలు. రెండూ గుణిస్తే అసలు సత్తా తెలుస్తుంది. 18 వోల్టులు, 2 ఏహెచ్ అయితే 36 వాట్ అవర్లు. చిన్నదానికి 10.8 ఇంటూ 2, అంటే 21.6. బ్యాటరీ అడుగున సన్నటి అక్షరాల్లో ఈ వాట్ అవర్ల అంకె ముద్రించి ఉంటే ఆ కంపెనీ మీద నాకు కొంచెం నమ్మకం కలుగుతుంది.

టార్క్, అంటే తిప్పే బలం, ఇంటి పనులకు 25, 30 న్యూటన్ మీటర్లు ఉంటే చాలు. చిల్లు వేసే ములుకును, అంటే బిట్‌ను, పట్టుకునే చక్ 10 మిల్లీమీటర్లది చాలు. బ్రష్‌లెస్ మోటారు, అంటే లోపల రాసుకునే బ్రష్‌లు లేనిది, మంచిదే, చార్జ్ ఎక్కువసేపు వస్తుంది, కానీ నెలకు పది స్క్రూలు తిప్పే ఇంటికి ఆ అదనపు ఖర్చు దండగ అని నా అభిప్రాయం. సుత్తి బొమ్మ గుర్తు మాత్రం తప్పకుండా ఉండాలి. అది లేకపోతే గోడ పనికి రాదు.

12 కొనాలా, 18 కొనాలా? ఫ్లాటులో ఉండేవాళ్లకు 12 హాయి. చేతికి తేలిక, స్టూలెక్కి ఒంటిచేత్తో పట్టుకోవచ్చు. సొంత ఇల్లు, మిద్దె, చుట్టూ కాస్త ఖాళీ జాగా ఉంటే 18 తీసుకోండి. ఎందుకంటే ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ మిషనుకు ఎక్కదు. రేపు ఆకులు ఊడ్చే బ్లోయరో, గడ్డి కోసే మిషనో కొనాలంటే అదే కంపెనీలో బ్యాటరీ లేకుండా మిషను ఒక్కటే చవగ్గా దొరుకుతుంది. మొదట కొనే డ్రిల్లుతోనే మీరు ఆ ఇంటి అల్లుడైపోతారన్నమాట. చూసి చేసుకోండి.

వంద ముక్కల కిట్టు జోలికి పోకండి. వాటిలో బిట్లు మెత్తటి ఇనుము, రెండో చిల్లుకే మొద్దుబారతాయి. ఆ డబ్బుతో రెండో బ్యాటరీ కొనండి. విడిగా 6 మిల్లీమీటర్ల గోడ బిట్లు మంచివి రెండు, చెక్కకు 3 మిల్లీమీటర్లది ఒకటి, స్టార్ స్క్రూ బిట్లు నాలుగు తీసుకుంటే ఏడాది గడుస్తుంది. గోడ బిట్‌ను గుర్తుపట్టడం తేలికే. కొసన బాణం ములుకులా వేరే లోహం ముక్క అతికించి ఉంటుంది. అది టంగ్‌స్టన్ కార్బైడ్. చెక్క బిట్‌తో గోడను పొడిస్తే బిట్ నీలంగా మారి చస్తుంది.

ఒక చిన్న ముచ్చట. కార్డ్‌లెస్ డ్రిల్లును నాసా కనిపెట్టిందని చాలామంది అంటారు. కాదు. బ్లాక్ అండ్ డెకర్ 1961లోనే నికెల్ కాడ్మియం బ్యాటరీతో అమ్మింది. చంద్రుడి మీద రాళ్లు తవ్వే డ్రిల్లుకు నాసా వీళ్ల దగ్గరికి వచ్చింది ఆ తర్వాత.

బ్యాటరీ

మనకు బ్యాటరీలు కొత్త కాదు. అమరరాజా ఫ్యాక్టరీ ఉన్న కరకంబాడి పేరు చెబితేనే బ్యాటరీ గుర్తొస్తుంది, రేణిగుంట వైపు 2022లో లిథియం సెల్స్ ఫ్యాక్టరీ కూడా వచ్చింది. అయినా ఇన్వర్టర్ బ్యాటరీకి చేసే మర్యాదలు దీనికి చేయకూడదు. ఇన్వర్టర్‌ది సీసం, అది ఎప్పుడూ నిండుగా ఉండాలి. లిథియంకు అది పడదు. నెలల తరబడి వాడకపోతే సగం చార్జ్‌తో, నీడలో పెట్టండి. పూర్తిగా ఖాళీ చేసి వదిలేస్తే మళ్లీ లేవకపోవచ్చు.

దీని అసలు శత్రువు మన మే నెల. స్కూటర్ డిక్కీలో, మిద్దె మీది రేకుల గదిలో బ్యాటరీ పెట్టొద్దు. పని చేసి వేడెక్కిన బ్యాటరీని వెంటనే చార్జర్‌కు తగిలించొద్దు, అరగంట చల్లారనివ్వండి.

చార్జర్ సంగతి జాగ్రత్త. చవక డ్రిల్లులకు సన్న పిన్ను ఉన్న అడాప్టర్ ఇస్తారు. చూడ్డానికి వాటర్ ప్యూరిఫయర్ అడాప్టర్ లాగే ఉంటుంది, పిన్ను కూడా పట్టేస్తుంది. కానీ ప్యూరిఫయర్‌ది సాధారణంగా 24 వోల్టులు. మూడు సెల్స్ బ్యాటరీకి 12.6 మించకూడదు. తెచ్చిన రోజే చార్జర్ మీద తెల్ల టేపు అంటించి "డ్రిల్లు" అని రాయండి. ఇంట్లో మీరొక్కరే ఉండరు కదా.

మొదటి సాధన: చెక్క

గోడ మీదికి ఇప్పుడే పోవద్దు. వడ్రంగి ఆచారి దగ్గర వేప చెక్క తుండు ఒకటి అడిగి తెచ్చుకోండి. మంచాలు, తలుపులు చేసేచోట కింద పడే ఉంటాయి, డబ్బులు కూడా తీసుకోరు.

డ్రిల్లు మెడ చుట్టూ అంకెలున్న రింగు ఉంది చూడండి. దాన్ని క్లచ్ అంటారు. చాలామంది కొన్న రోజు నుంచి దాన్ని ముట్టుకోరు. నేనూ ముట్టుకోలేదు. అల్మరా కీలు స్క్రూ బిగిస్తుంటే అది తల మునిగి, ప్లైవుడ్‌ను చీల్చి, అక్కడే గిర్రున తిరుగుతూ ఉండిపోయింది. ఆ చిల్లులో అగ్గిపుల్లలు జిగురుతో కూరి మళ్లీ బిగించాల్సి వచ్చింది.

రింగును 3 మీద పెట్టండి. పైన ఉండే గేరు మీట 1లో ఉండాలి. 1 అంటే నిదానం, బలం ఎక్కువ. 2 అంటే వేగం. మోటారు తిరుగుతుండగా ఈ మీట మార్చొద్దు, పళ్లు అరుగుతాయి. ఇప్పుడు 3 మిల్లీమీటర్ల బిట్‌తో ముందు సన్న బెజ్జం వేసి, ఆ బెజ్జంలో స్క్రూ మొన ఆనించి, వేలితో ట్రిగ్గర్ మెల్లగా నొక్కండి. స్క్రూ సగం దిగుతుంది. ఉన్నట్టుండి టకటకటక అని శబ్దం వస్తుంది, డ్రిల్లు వణుకుతుంది, స్క్రూ మాత్రం తిరగదు. డ్రిల్లు పాడైందని భయపడకండి. ఇంతకంటే బలం పెట్టనని క్లచ్ జారుకుంటోంది. రింగును 5కి తిప్పండి, ఇంకొంచెం దిగుతుంది. 7, 9... స్క్రూ తల చెక్కకు సమంగా కూర్చున్న చోట ఆగే అంకె ఏదో పెన్సిల్‌తో ఆ తుండు మీదే రాసుకోండి. నా డ్రిల్లుకు వేప చెక్కలో 11, ప్లైవుడ్‌లో 6. మీది వేరుగా రావచ్చు. ఈ అంకెలకు కంపెనీల మధ్య పొంతన ఉండదు.

గట్టి చెక్కలో స్క్రూ కీచుమంటే కొవ్వొత్తి మీద ఒకసారి రుద్దండి. సబ్బు రుద్దేవాళ్లున్నారు గానీ అది తేమ పీల్చి స్క్రూను తుప్పు పట్టిస్తుంది.

రెండో సాధన: గోడ

కార్డ్‌లెస్‌లో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఇక్కడుంది. గోడలో కరెంటు తీగలు ఎక్కడున్నాయో కంటికి కనపడదు. తీగ ఉన్న డ్రిల్లయితే కరెంటు ఉండాలి, లేకపోతే అది తిరగదు. దీనికి ఆ బెడద లేదు. మెయిన్ ఎంసీబీ దించేసి, పగటి వెలుతురులో పని చేసుకోవచ్చు. అయినా సరే స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా, కొళాయికి నేరుగా పైనా చిల్లు వేయొద్దు. పైపులు సాధారణంగా అక్కడే నిలువుగా పోతాయి.

కళ్లద్దాలు పెట్టుకోండి. చేతికి గ్లవ్స్ వద్దు, బిట్ చుట్టేసుకుంటుంది. చున్నీ, పైట కొంగు, జడ వెనక్కి కట్టేయండి.

పటానికి 6 మిల్లీమీటర్ల చిల్లు, అందులో స్క్రూను పట్టుకునే 30 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ప్లగ్. పైన ఉండే సిమెంటు పూతే 12 నుంచి 15 మిల్లీమీటర్లు ఉంటుంది. ప్లగ్ ఆ పూతలోనే ఆగిపోతే బరువు పడిన రోజు పూతతో సహా ఊడొస్తుంది. ఇటుకలోకి దిగాలి. బిట్ కొస నుంచి 45 మిల్లీమీటర్ల దగ్గర టేపు చుట్టండి, అదే మీ లోతు గుర్తు. చిల్లుకు కింద ఒక పాత శుభలేఖ కవరు నోరు తెరిచి అతికించండి. దుమ్మంతా అందులో పడుతుంది. దీనికి శుభలేఖ కవరుకు మించింది లేదు, మందంగా ఉంటుంది, ప్రతి ఇంట్లోనూ డజను ఉంటాయి.

రింగు సుత్తి బొమ్మ మీద, గేరు 2. భుజంతో నెట్టకండి, మోచేయి వంచకుండా నిదానంగా ఒత్తండి. మధ్యలో రెండు మూడుసార్లు బిట్ తిరుగుతుండగానే వెనక్కి లాగి దుమ్ము రాల్చండి. అసలు దిగట్లేదు అనిపిస్తే, తిట్టుకునే ముందు తిరిగే దిక్కు మార్చే మీట రివర్సులో ఉందేమో చూడండి. నాకు రెండుసార్లు అయింది.

ఇప్పుడు కవరులోకి తొంగి చూడండి. ముందు తెల్లటి పొడి, అది పుట్టీ. తర్వాత బూడిద రంగు, సిమెంటు పూత. ఆపైన ఎర్రగా వస్తే ఇటుకలో ఉన్నారు, నిశ్చింతగా పోవచ్చు. ఎరుపు రాకుండా బూడిద రంగే వస్తూ, బిట్ కీచుమంటూ ముందుకు కదలకపోతే కాంక్రీటు తగిలింది. అక్కడితో ఆపండి.

ఈ రంగుల లెక్క అన్ని ఇళ్లకూ కుదరదు. ఈ మధ్య కట్టిన ఇళ్లలో ఫ్లై యాష్ ఇటుకలు, సిమెంటు దిమ్మెలు వాడుతున్నారు. వాటి దుమ్ము కూడా బూడిద రంగే. అక్కడ కంటిని కాదు, చేతిని నమ్మాలి. దిమ్మెలో బిట్ ఒకే తీరుగా దిగుతూ పోతుంది. కాంక్రీటులో కంకర రాయి తగిలిన ప్రతిసారీ టక్కున ఆగి, పక్కకు జారబోతుంది.

చిన్న డ్రిల్లు చాలదని మొదట చెప్పిన ఆ ఒక్క పని కర్టెన్ రాడ్. కిటికీ పైన లింటెల్ ఉంటుంది, లోపల కమ్మీలతో కాంక్రీటు. మన చిన్న డ్రిల్లులో సుత్తి అంటే పళ్లున్న రెండు బిళ్లలు ఒకదాని మీద ఒకటి గడగడా దొర్లడం. దాని దెబ్బ ఇటుకకు సరిపోతుంది, లింటెల్‌కు ఆనదు. ఎలక్ట్రీషియన్లు తెచ్చే రోటరీ హ్యామర్‌లో గాలి ఒత్తిడితో పిస్టన్ కొడుతుంది, బిట్ కూడా ఎస్‌డీఎస్ అని వేరే రకం. చిన్నదానితో మొండికేస్తే బిట్ ఎర్రగా కాలుతుంది, బ్యాటరీ వేడెక్కి ఆగిపోతుంది. మా పటం పదిహేను నిమిషాల్లో గోడకెక్కింది, కర్టెన్ రాడ్ ఇంకా మూలనే ఉంది. లింటెల్‌ను తప్పించుకుని రాడ్ బిగించే ఉపాయం, అది కుదరనప్పుడు హ్యామర్ ఉన్న మనిషిని పిలిచి ఒక్క పూటలో అన్ని చిల్లులూ వేయించుకునే పద్ధతి వచ్చే పాఠంలో.

హోంవర్కు

వేప తుండులో పది స్క్రూలు, క్లచ్ అంకె రాసుకుంటూ. తర్వాత ఇంట్లో ఎవరికీ కనపడని గోడకు, అల్మరా వెనకో మంచం వెనకో, రెండు చిల్లులు. ఒకటి నేలకు మూరెడు ఎత్తులో, ఇంకోటి మీ తల ఎత్తులో. ఏ కవరు ఏ చిల్లుదో దాని మీదే రాసి, దుమ్ము పారేయకుండా దాచండి. లింటెల్ దగ్గరికి వెళ్లేటప్పుడు పక్కన పెట్టి చూసుకోవాలి.