గంగ జాతరకు ముందే చిన్నపిల్లలకు నేర్పాల్సినవి

మే నెల వచ్చిందంటే తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర హడావుడి మొదలైనట్టే. అవిలాల ఊరి నుంచి అమ్మవారికి సారె వస్తుంది, చాటింపు వేస్తారు, ఇక రోజుకో వేషం. బైరాగి వేషానికి ఒంటినిండా నామకొమ్ము (తెల్ల సుద్ద), బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. మగవాళ్లు చీర కట్టి, సవరం పెట్టి, పూలు తురుముకుని వీధుల్లోకి వస్తారు. మనకది మొక్కు, సరదా కూడా. మూడు నాలుగేళ్ల పిల్లలకు మాత్రం ఆ వారంలో తెలిసిన ముఖాలే తక్కువ. దొర వేషంలో వచ్చింది అమ్మవారని పోల్చుకోలేక, ఆమెకు భయపడి దాక్కున్న పాలెగాడంతటివాడే బయటికొచ్చి దొరికిపోయాడంటారు, ఇక మన బుడ్డోడెంత!

ఈ వయసు పిల్లలు మనిషిని జుట్టు, బట్టలు, మీసం చూసి గుర్తుపడతారు. వేషం మారితే మనిషే మారిపోయాడని వాళ్లలో చాలామంది నిజంగానే అనుకుంటారు. చీర కట్టుకున్న నాన్నను చూసి గుక్కపట్టి ఏడిస్తే 'ఇంత పిరికేంది వీడు' అని నవ్వకండి. నాన్న వేషం వేసుకునేటప్పుడు పిల్లవాడిని పక్కనే కూర్చోబెట్టుకోండి. నామకొమ్ము పూసుకుంటూ, సవరం పెట్టుకుంటూ నాన్న మాట్లాడుతూనే ఉండాలి. 'గొంతు ఎవరిది? ఈ చేతికి ఉంగరం ఎవరిది?' అని మధ్యమధ్యలో అడగండి. జాతరకు వారం ముందు నుంచే ఇంట్లో దీన్ని ఆటలా ఆడించవచ్చు. అవ్వ, మామ, పక్కింటి అత్త ఒక్కొక్కరే ముఖానికి తువ్వాలు కప్పుకుని పలకరిస్తే, ఎవరో పిల్లలు చెప్పాలి. వేషాల్లో ఉన్నవాళ్లు తిట్లు తిట్టడం కూడా మొక్కులో భాగమేనని, నిన్ను కాదని ముందే చెప్పండి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. రంగు పూసుకున్న ఎవరో వచ్చి 'నేను మీ మామను రా' అంటే పిల్లలు నమ్మేస్తారు. పేరుపెట్టి పిలిస్తే మరీ నమ్ముతారు. అందుకే మా ఇంట్లో ఒకటే కట్టు: అమ్మగానీ నాన్నగానీ చేతిలో చెయ్యి పెట్టి అప్పగిస్తేనే ఎవరి వెంటైనా వెళ్లాలి. సొంత మామకైనా ఇదే వర్తిస్తుంది. మామ అలగడు, అలిగినా పర్లేదు.

ముఖాలతో పాటు వీధులూ మారిపోతాయి. పందిళ్లు, సీరియల్ లైట్లు, అంగళ్లు, బారికేడ్లు వచ్చాక రోజూ నడిచే సందే కొత్తగా కనిపిస్తుంది. పిల్లలు గుర్తుపెట్టుకునేదేమో బుడగలమ్మే బండిని. అది పది నిమిషాలకో చోట ఉంటుంది. 'గోపురం చూసుకుని రా' అని మనం చెప్తాం. ఒకసారి వాళ్ల ఎత్తుకు కూర్చుని చూడండి, జనంలో గోవిందరాజస్వామి గుడి గోపురం కాదు కదా, ముందున్నవాళ్ల నడుములు తప్ప ఏమీ కనిపించదు. కాబట్టి కదలనివి, వాళ్ల కళ్లకు అందేవి చూపించాలి: కోనేటి గట్టు, బడి గేటు, వీధి చివర బోరింగు, నీలం షట్టర్ ఉన్న మందుల అంగడి. పందిళ్లు వేయకముందే ఒక సాయంత్రం ఆ దారిలో తీసుకెళ్లండి. వచ్చేటప్పుడు మీరు వెనక నడవండి, ఇంటికి దారి వాళ్లే చూపించాలి. తప్పు మలుపు తిరిగినా వెంటనే చెప్పకండి, కాస్త ఆగితే చాలాసార్లు వాళ్లే సర్దుకుంటారు. పందిళ్లు వేశాక ఇంకోసారి నడిపిస్తే మరీ మంచిది.

తప్పిపోతే ఎవర్ని అడగాలి? అందరూ 'పోలీసు మామను' అంటారు. అన్నం తినకపోతే పోలీసుకు పట్టిస్తానని ఏడాదంతా బెదిరించి, జాతరనాడు మాత్రం వాళ్ల దగ్గరికే వెళ్లమంటే ఎట్లా వెళ్తారు? ఇప్పటి నుంచైనా ఆ బెదిరింపు మానేసి, సర్కిల్ దగ్గర ఉండే పోలీసుకు ఒకసారి నమస్తే పెట్టించండి. పైగా జాతరలో ఖాకీ బట్టలు కూడా వేషమే అయ్యుండవచ్చు. అందుకని చిన్నవాళ్లకు నేను చెప్పేది వేరు: అంగట్లో గల్లా దగ్గర కూర్చున్నవాళ్లను అడగాలి, లేదంటే పిల్లల్ని వెంటబెట్టుకున్న అమ్మను. అంగడివాళ్లయితే ఊరివాళ్లు, సందులు తెలుస్తాయి. దారిన పోయేవాళ్లలో సగంమంది కొండకు వచ్చిన యాత్రికులే, వాళ్లకు తెలుగు రాకపోవచ్చు, మీ వీధి అసలే తెలీదు. మీ ఏరియా అంగన్‌వాడీ టీచర్, ఆశా కార్యకర్త, రోజూ పాలు పోసే అన్న కూడా పిల్లలకు పేర్లతో సహా తెలిసుండాలి.

మీ పేరేందని అడిగితే 'చిన్ని', అమ్మ పేరేందంటే 'అమ్మ' అని చెప్పే వయసు ఇది. అసలు పేరు, అమ్మానాన్నల పేర్లు, వీధి పేరు ముందు నేర్పండి. అమ్మను పేరుపెట్టి అరవడం కూడా నేర్పాలి. గంగమ్మ జాతరలో 'అమ్మా' అని అరవనివాళ్లు ఎవరు? ఎవరూ తిరిగి చూడరు. ఫోన్ నంబర్ ఐదేళ్లవాళ్లకు పాటలా వస్తుంది, అంతకన్నా చిన్నవాళ్ల విషయంలో దాన్ని నమ్ముకోవద్దు. చేతి మీద పెన్నుతో రాస్తే చెమటకూ రంగులకూ పోతుంది. చీటీ మీద రాసి, పాలిథిన్ కవర్లో చుట్టి, చొక్కా లోపలి వైపు పిన్నీసుతో పెట్టండి. పేరు పైకి కనిపించేలా వద్దు. బంగారం వేయొద్దు. పిల్లలకు వేషం వేస్తే, వేసిన తర్వాత ఫొటో తీయండి, మామూలు ఫొటో చూపిస్తే ఎవరూ గుర్తుపట్టరు.

చెయ్యి విడిపోతే వెతుక్కుంటూ వెళ్లకుండా అక్కడే గోడకో అంగడికో ఆనుకుని నిలబడమనండి. పెద్దవాళ్లలో ఒకరు చివరిసారి చూసిన చోటే ఉండాలి, ఇంకొకరు వెతకాలి. ఆలస్యం చేయకుండా దగ్గరున్న పోలీసులకు చెప్పండి, లేదా 112కు ఫోన్ చేయండి. వేరేవాళ్ల పిల్లవాడు మీకు దొరికితే ఎత్తుకుని ఊరంతా తిప్పొద్దు, అమ్మ మొదట వచ్చేది తప్పిపోయిన చోటికే. దొరికిన చోటే నిలబడి, చొక్కా లోపల చీటీ ఉందేమో చూసి, ఎవరూ రాకపోతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి.