బండి లాగడం లేదు – 3వ పాఠం: పీల్చిన గాలి ఎటు పోతోంది?

పోయిన పాఠంలో రెండు పనులు ఇచ్చాను. ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడడం ఒకటి. బండి ఏ గేరులో, ఎంత ఆర్‌పీఎం దగ్గర నీరసిస్తోందో కాగితం మీద రాసుకోవడం రెండోది. రాయనివాళ్లు ముందు అది చేసి రండి. "లాగట్లేదు" అన్న ఒక్క మాటతో జబ్బు దొరకదు.

ఈసారి మన చేతికి వచ్చింది ఒక పికప్. విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల లోడుతో అరకు వెళ్లే బండి. డ్రైవరు చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను: "మాస్టారూ, ఎస్.కోట దాకా బాగానే వస్తాదండి. ఘాట్ మొదలైతే సెకండ్ గేరే. వెనకాల నల్ల పొగ. టర్బో పోయింది, మార్చాలంటున్నారు షెడ్డులో."

టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే పంకా. డ్రైవరు మాటల్లోనే సగం పని అయిపోయింది. మట్టసంగా ఉన్నచోట బాగుంది, బరువు పడితే చతికిలబడింది. పొగ నల్లగా ఉంది. అంటే డీజిల్ పడుతోంది, అది కాలడానికి సరిపడా గాలి సిలిండర్లోకి చేరడం లేదు. పొగే లేకుండా నీరసించి ఉంటే డీజిల్ ఫిల్టర్ వైపు వెళ్లేవాణ్ణి. అది వచ్చే పాఠం.

ఇప్పుడు స్కానర్, అంటే బండి కంప్యూటర్‌లోని రీడింగులు చూపే పరికరం, పెట్టండి. ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే చిన్నది చాలు. మ్యాప్ సెన్సర్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని కొలిచేది) రీడింగ్ తెరిచి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేయండి. విశాఖ సముద్రమట్టానికి దగ్గర కాబట్టి సుమారు 100 కిలోపాస్కల్ చూపాలి. అది బయటి గాలి ఒత్తిడి, అంతే. ఇదే బండి అరకులో, 900 మీటర్ల ఎత్తున, 90 దగ్గర చూపిస్తుంది. బీచ్ రోడ్డులో నిలబెట్టి 90 చూపితే మాత్రం ముందు సెన్సర్‌నే అనుమానించండి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే: తెర మీద 100 చూసి బూస్ట్, అంటే టర్బో అదనంగా పెంచే ఒత్తిడి, వస్తోందనుకుంటారు. ఆ 100 తీసేశాక మిగిలిందే టర్బో కష్టం.

తెల్లారగట్ల, రద్దీ లేనప్పుడు, లోడుతోనే సింహాచలం కొండ రోడ్డు ఎక్కించాం. అతను నడిపాడు, ఫోను నేను చూశాను. నడిపేవాళ్లు ఫోను చూడొద్దు. థర్డ్ గేరు, నిండా యాక్సిలరేటర్, 2,200 ఆర్‌పీఎం. ఇలాంటి బండ్లు చాలావరకు అక్కడ 200 దాటాలి; మీ బండికి ఎంతన్నది దాని సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి. మాకు వచ్చింది 130. స్కానర్ చూపిన లోపం కోడ్ పి0299. చాలామంది దీన్ని "టర్బో చెడింది" అని చదువుతారు. అది చెప్పేది అంత కాదు: కోరినంత బూస్ట్ రాలేదు, అంతవరకే.

ఇంజన్ పూర్తిగా చల్లారనిచ్చి, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి (ఒత్తిన గాలిని చల్లబరిచేది), అక్కణ్ణుంచి మానిఫోల్డ్‌కి (సిలిండర్లకు గాలి పంచే గొట్టం) వెళ్లే హోసుల వెంట చెయ్యి పోనివ్వండి. పై నుంచి చూస్తే ఏమీ కనపడదు. అడుగు భాగం తడమాలి. ఈ బండిలో ఇంటర్‌కూలర్ ముందు వంపు కింద, నూనె తడికి దుమ్ము అంటుకుని వేలెడంత నల్ల చార ఉంది. హోసు లోపల కాస్త నూనె పొర ఉండడం మామూలే, బయట చార ఉండడం మామూలు కాదు. హోసు విప్పి ఆ వంపును వెనక్కి విరిచి చూశాను. రబ్బరు మధ్య గుడ్డ పోగులు కనపడేలా చీలిక నోరు తెరిచింది. వదిలితే మళ్లీ మూసుకుపోయింది. ఐడిల్‌లో దొరక్కపోవడానికి కారణం అదే: ఒత్తిడి వస్తేనే తెరుచుకుంటుంది. ఫిల్టర్ దగ్గర గాలిని కొలిచే బండి ఇది. కొలిచిన గాలికి లెక్కగా డీజిల్ పడుతుంది, ఆ గాలి దారిలో కారిపోతుంది. నల్ల పొగ అక్కణ్ణుంచి.

చీలిక కంటికి కనపడకపోతే, టర్బో నోటి దగ్గరే వాల్వున్న మూత బిగించి, కంప్రెసర్‌తో 10 పీఎస్‌ఐ మించకుండా గాలి పెట్టి, జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లండి. ఇంజన్ ఆపే ఉండాలి. క్లిప్పుల్ని కూడా విప్పి మళ్లీ బిగించండి. మన ఊరి ఉప్పుగాలికి స్క్రూ తుప్పు పట్టి, బిగువుగా కనపడుతుందే గానీ పట్టు ఉండదు.

హోసు విప్పారు కదా, టర్బో షాఫ్టునూ వేలితో కదిపి చూడండి. పక్కలకు కాస్త కదలిక ఉండొచ్చు. ముందుకీ వెనక్కీ కదిలినా, రెక్కలు గోడకి రాసుకున్న గీతలున్నా అప్పుడు టర్బో మాట ఎత్తండి. ఈ బండి షాఫ్టు శుభ్రంగా ఉంది. హోసు, రెండు క్లిప్పులు మార్చాక అదే రోడ్డులో 210 చూపింది.

మీ పని: బండి బాగున్నా సరే, కీ ఆన్ రీడింగ్, ఎక్కుడులో థర్డ్ గేరు రీడింగ్ తీసి తేదీతో రాసి పెట్టుకోండి. ఒక జాగ్రత్త ఇప్పుడే చెబుతున్నాను: వచ్చే పాఠం కోసం తొందరపడి, నడుస్తున్న కామన్ రైల్ ఇంజన్‌కు (ఒకే గొట్టంలో చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ నిలిపి ఇంజెక్టర్లకు పంచేది) ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేయకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి దిగుతుంది.