బీజింగ్‌లోని 798 కళా ప్రాంగణానికి వెళ్లే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

సోమవారం వెళ్లకండి, ఆ రోజు ఇక్కడి గ్యాలరీల్లో చాలావరకు మూసి ఉంటాయి. ప్రాంగణంలో తిరగడానికి రుసుము లేదు గానీ, యూసీసీఏ వంటి సమకాలీన కళా కేంద్రాల్లో కొన్ని ప్రదర్శనలకు టికెట్ ఉంటుంది కనుక ఆ వివరాలు ముందే చూసుకోవాలి.

గూగుల్ మ్యాప్స్, వాట్సాప్ చైనాలో మామూలుగా పనిచేయవు. అందువల్ల స్థానిక మ్యాప్ యాప్‌ను, చెల్లింపుల కోసం మీ కార్డుతో జతచేసిన అలీపే లేదా వీచాట్‌ను బయలుదేరక మునుపే ఫోన్‌లో సిద్ధం చేసుకోండి. పాస్‌పోర్టు వెంట ఉండాలి.

ఈ ప్రాంగణం ఒకప్పుడు, 1950లలో తూర్పు జర్మనీ సహకారంతో కట్టిన ఎలక్ట్రానిక్స్ కర్మాగారం. రంపపు పళ్లలా వరుసదీరిన పైకప్పుల్లో అద్దాలను ఉత్తరం వైపు అమర్చడం వల్ల నేరుగా ఎండ పడకుండా, రోజంతా సమానమైన వెలుతురు లోపలికి వస్తుంది. ఒకప్పుడు కార్మికులకు పనికొచ్చిన ఆ వెలుతురే ఇప్పుడు చిత్రాలకు అక్కరకొస్తోంది. కాబట్టి చీకటి పడకముందే, పగటిపూట చేరుకోవడం మేలు. కొన్ని హాళ్ల కమానులపై మావో కాలపు నినాదాలు ఎర్రటి అక్షరాల్లో ఇంకా కనిపిస్తాయి. దయచేసి తల ఎత్తి చూడండి, గోడలను మాత్రం తాకకండి.

ఫొటోలు తీసే ముందు ప్రతి గ్యాలరీలోనూ అనుమతి అడగాలి, ఫ్లాష్ వాడకూడదు. పక్కనే ఉన్న 751 ప్రాంగణంలోని పాత గ్యాస్ ట్యాంకులు, పైపులైన్లు కూడా చూడదగ్గవే కనుక నడకకు అనువైన బూట్లు వేసుకోండి. చలికాలమైతే మందపాటి కోటు తప్పనిసరి.